ఈసీఐఎల్, కుషాయిగూడ, హెచ్‌బీ కాలనీ: మన చిన్నప్పుడు ఏ మడిగెలో ఏ షాపు ఉండేది?

పాతకాపు_హెచ్‌బీకాలనీ

హైదరాబాద్‌లో మౌలాలి హౌసింగ్ బోర్డు (హెచ్‌బీ) కాలనీలో మా వీధి మూల మీద ఐదు మడిగెల వరస ఉండేది, అంటే రోడ్డు వైపు షట్టర్ ఉన్న షాపు గదులు. పోయిన నెల దాన్ని పడగొట్టారు. ఇంటివాళ్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చారట. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఫ్లాట్లు వస్తాయి. వాళ్ల స్థలం, వాళ్ల ఇష్టం, అందులో అనడానికేమీ లేదు. కానీ మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, రెండో మడిగెలో టైలర్ ఉండేవాడా, రేడియో రిపేర్ ఉండేదా?" అని అడిగితే గట్టిగా చెప్పలేకపోయాను. అమ్మ ఉంటే ఠక్కున చెప్పేది. ఆ తరం వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మన దగ్గర ఫొటోలు కూడా లేవు. ముప్పై ఆరు ఫొటోల రీలు పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ దాచుకునే రోజులవి, కిరాణం షాపును ఎవరు ఫొటో తీస్తారు? అందుకని గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి. ఏ రోడ్డు, ఏ మూల, ఏ షాపు, సుమారు ఏ సంవత్సరాల్లో. షాపువాళ్ల పేర్లు మాత్రం వద్దు, వాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడే ఉన్నారు. నేను పెద్ద కాగితం మీద మ్యాప్ గీస్తున్నాను, మీరు చెప్పినవన్నీ అందులో పెడతాను.

1984 నుంచి 1995 దాకా మా వరస ఇదీ. మొదటిది కిరాణం, మూడోది పిండి గిర్నీ, నాలుగోది ఇస్త్రీ, ఐదోది సైకిల్ టాక్సీ. రెండోదే తేలాలి.

కాంచీ_తొక్కుడు

ఐదో మడిగె గురించి నన్ను అడగండి అన్నా! ఈ కాలం పిల్లలకు సైకిల్ టాక్సీ అంటే ఏంటో చెప్పాలి. గంట లెక్కన సైకిల్ అద్దెకిచ్చే షాపు. చిన్న సైకిళ్లు రెండో మూడో ఉండేవి, అవి ఎప్పుడూ బయటే తిరుగుతుండేవి. పెద్ద సైకిల్ దొరికితే సీటు అందదు కాబట్టి ఫ్రేమ్ మధ్యలోంచి కాలు పెట్టి కాంచీ తొక్కడమే. నేర్చుకున్నది అట్లనే, మోకాళ్లు చీరుకున్నది కూడా అట్లనే.

షాపాయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. పేరు, ఇంటి నంబర్, బండి తీసుకున్న టైమ్ రాసేవాడు. మన చేతికి వాచీ ఎక్కడిది? టైమ్ తెలియాలంటే కంపెనీ షిఫ్ట్ సైరనో, ఎవరింట్లోంచో వినపడే రేడియో వార్తలో వినాలి. ఐదు నిమిషాలు లేట్ అయితే ఏమీ అనేవాడు కాదు. పావుగంట దాటితే మాత్రం ఇంకో అరగంట డబ్బు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచగా నేను వినలేదు. పంక్చర్ వేసేటప్పుడు ట్యూబును నీళ్ల బొచ్చెలో తిప్పుతూ బుడగ ఎక్కడొస్తుందో చూడమని మాకు అప్పజెప్పేవాడు. ఆ పనికి ఎంత పోటీ ఉండేదో!

ఒకసారి మేం కాప్రా చెరువు దాకా వెళ్లి చీకటి పడ్డాక వచ్చాం. ఆయన షట్టర్ సగం దించి మా కోసం కూర్చుని ఉన్నాడు. కావాలంటే మా ఇళ్లకు కబురు పెట్టొచ్చు, కానీ పెట్టలేదు. పెడితే మాకు దెబ్బలు పడతాయని ఆయనకు తెలుసు.

రిటైర్డ్_టెక్నీషియన్

అందరికీ నమస్కారం. నేను 1974లో ఈసీఐఎల్‌లో, అంటే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరాను. రెండో మడిగె సంగతికి తర్వాత వస్తాను, అసలు ఆ మడిగెలు ఎందుకు పుట్టాయో ముందు చెప్పాలి.

ఈసీఐఎల్‌ను 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద పెట్టారు. డాక్టర్ ఎ.ఎస్. రావు గారు దాన్ని నిలబెట్టిన మనిషి. ఏఎస్ రావు నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది, ఉద్యోగుల సొసైటీ ప్లాట్ల మీద కట్టుకున్న కాలనీ అది. పక్కనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) 1971లో వచ్చింది. నేను చేరేనాటికి చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు, మధ్యలో పాత ఊళ్లు. కాప్రా, కుషాయిగూడ, చర్లపల్లి, మౌలాలి ఇవన్నీ ముందునుంచీ ఉన్న ఊళ్లే. మేం వచ్చాక పుట్టినవి కావు. ఈ మాట ఎందుకంటున్నానంటే, "అప్పట్లో ఇక్కడ ఏమీ ఉండేది కాదు" అని మనవాళ్లు అలవాటుగా అనేస్తారు.

నెలజీతం తెచ్చుకునే కుటుంబాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సరుకులకు సికింద్రాబాద్ వెళ్లాలంటే బస్సు కోసం గంట నిలబడాలి. దాంతో ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ రోడ్డు వైపు గది ఒకటి వేసి షట్టర్ పెట్టాడు. ఇంటి అప్పు కంతుకు ఆ అద్దె పనికొచ్చేది. మన వీధుల్లో షాపులు పుట్టింది అలా. ఎవరో ప్లాన్ గీసి పెట్టిన మార్కెట్ కాదు.

ఇక రెండో మడిగె. 1980లో అక్కడ పెట్టింది రేడియో, టీవీ రిపేర్ షాపు. ఐటీఐ చదివి మా కంపెనీలో అప్రెంటిస్ చేసిన కుర్రాడు పెట్టుకున్నాడు. అప్పట్లో మా కంపెనీ చేసే ఈసీ టీవీ అంటే మాకు సొంత బిడ్డ లెక్క. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు ప్రసారం చేసిన సైట్ ప్రయోగానికి 2,400 ఊళ్లలో పెట్టిన సెట్లు ఈసీఐఎల్ చేసినవే. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలయ్యాక కాలనీలో యాంటెన్నాలు లేచాయి. గాలికి యాంటెన్నా తిరిగిపోతే ఈ కుర్రాడే మేడెక్కి సరిచేసేవాడు, కింద వాకిట్లోంచి "వచ్చింది, వచ్చింది, ఆగు, పోయింది" అని మనం అరవాలి. పార్టు మారిస్తేనే డబ్బులు తీసుకునేవాడు. యాంటెన్నా తిప్పినందుకు తీసుకునేవాడు కాదు.

టైలర్ కూడా అక్కడే ఉండేవాడని మీ చెల్లెలు అన్నది నిజమే అయ్యుంటుంది. కానీ నాకు తెలిసి అది తర్వాతి కాలం.

పాతకాపు_హెచ్‌బీకాలనీ

సర్, చాలా థాంక్స్. రెండో మడిగె: రేడియో, టీవీ రిపేర్, 1980 నుంచి. రాసుకున్నాను. చివరి సంవత్సరం ఎవరికైనా తెలుసా?

నీలం_కిరోసిన్

చివరి సంవత్సరం నాకు తెలియదు గానీ టైలర్‌ని నేను చూశాను. 1991లో మా అక్క పెళ్లికి జాకెట్లన్నీ ఆయనే కుట్టాడు. ఒక పక్క కుట్టుమిషన్, ఇంకో పక్క విప్పదీసిన టీవీలు, మధ్యలో ప్లైవుడ్ చెక్క. అద్దె ఇద్దరూ పంచుకునేవాళ్లు. కాబట్టి రెండూ నిజమే.

నేను రాయాలనుకున్నది రేషన్ షాపు గురించి. మా వీధికి రెండు వీధుల అవతల ఉండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక క్యూ ఎంత పెరిగిందో అమ్మ చెప్పేది. నా గుర్తుల్లో ఉన్నది మాత్రం కిరోసిన్ క్యూ. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపేవాళ్లు, బయట మార్కెట్లో అమ్మితే దొరికిపోవాలని. డబ్బాలు వరసలో పెట్టి మేం నీడకు వెళ్లి అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లం. మనిషి లేకపోయినా డబ్బా స్థానం డబ్బాదే, దాన్ని ఎవరూ జరపరు. ఒకవేళ జరిపితే అక్కడ జరిగే గొడవ కాలనీ మొత్తానికి వినిపించేది.

1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాక ఆ క్యూ పలచబడింది. నా చేతులకు ఆ వాసన అంటి ఉండటం వల్ల స్కూల్లో నా పక్కన కూర్చోవడానికి ఒక అమ్మాయి ఒప్పుకునేది కాదు. కాబట్టి ఆ క్యూ పోయినందుకు నాకు దిగులు లేదు. అన్నీ తీపి గుర్తులే అని రాయడం నా వల్ల కాదు.

ఇంకోటి కూడా. సైకిల్ టాక్సీ గురించి రాసిన తమ్ముడూ, నీకు ఆ షాపు ఎంత ఇష్టమో నీ మాటల్లో తెలుస్తోంది. కానీ కాస్త పెద్దయ్యాక మేం ఆ మడిగె ముందు నుంచి నడిచేవాళ్లం కాదు. సాయంత్రం అయితే అక్కడ కుర్రాళ్లు గుంపుగా నిలబడేవాళ్లు, మాటలు విసిరేవాళ్లు. మేం అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి గిర్నీకి వెళ్లేవాళ్లం. అమ్మాయిలకు నచ్చినవి ఫ్యాన్సీ స్టోర్, గాజుల షాపు, అద్దెకు నవలలిచ్చే లైబ్రరీ. నీ మ్యాప్‌లో అవి కూడా పెట్టు పాతకాపూ. లైబ్రరీ గిర్నీ వెనక సందులో ఉండేది, 1988 నుంచి సుమారు 1997 దాకా. రోజుకు పావలా. పుస్తకం లోపల చివరి పేజీ ఉందో లేదో చూసుకుని మరీ తీసుకోవాలి.

కాంచీ_తొక్కుడు

అక్కా, మీరు చెప్పింది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. మా అక్క కూడా ఎప్పుడూ అటు వచ్చేది కాదు, నన్నే షాపుకు పంపేది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

గిర్నీ_సందు

లైబ్రరీ ఉన్న సందు మాదే. గిర్నీ నడిపింది మా పెద్దనాన్న. మీకు గిర్నీ అంటే ఎగిరే పిండి, చెవులు గింగుర్లెత్తే చప్పుడు గుర్తుంటాయి. దాని వెనక సంగతులు కొన్ని చెప్తాను.

గోధుమలకు, బియ్యానికి ఒక చక్కీ, కారానికి, పసుపుకు వేరే మిషన్. కారం పట్టిన మిషన్లో గోధుమలు పోస్తే ఆ ఇంట్లో చపాతీలు తినలేరు. గోధుమల చక్కీలో కూడా వరస ఉంటుంది. ముందు బియ్యం, తర్వాత గోధుమలు, చివర్న జొన్నలు, శనగలు. "నాది ముందు వెయ్యి" అని ఎవరెంత అడిగినా పెద్దనాన్న వరస మార్చేవాడు కాదు. రాయి అరిగితే పిండి బరకగా వస్తుంది, వేడెక్కుతుంది. అప్పుడు రాళ్లు విప్పి గాట్లు కొట్టించాలి, ఆ పూట షాపు బంద్. త్రీ ఫేజ్ కరెంటు కావాలి. ఎండాకాలం కోతల్లో కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే పని. అర్ధరాత్రి చక్కీ తిప్పితే పక్కింటివాళ్లు తిట్టేవాళ్లు, తెల్లారి వాళ్లే డబ్బా పట్టుకుని వచ్చేవాళ్లు.

ఏడాదికి సరిపడా కారం పట్టించే సీజన్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మలక్‌పేట గంజ్ నుంచి మిర్చి తెచ్చుకుని, మేడ మీద ఎండబెట్టి, తొడిమలు తీసి తెచ్చేవాళ్లు. ఆ మూడు నెలల సంపాదనతోనే మిగతా ఏడాది ఖర్చులు గడిచేవి. ప్యాకెట్ పిండి వచ్చాక గోధుమల పని సగం పోయింది. కారం పని మాత్రం పోలేదు. పెద్దనాన్న కొడుకు ఇప్పటికీ కుషాయిగూడ వైపు ఒక గిర్నీ నడుపుతున్నాడు. సీజన్‌లో రద్దీ చూస్తే మీరు నమ్మరు.

కొత్తగా_వచ్చాం

అందరూ రాసింది చదువుతున్నాను, చాలా బాగుంది. మేం కాప్రా దగ్గర అపార్ట్‌మెంట్‌లోకి వచ్చి కొన్నేళ్లే అయింది. మా పాపకు పాలు, కూరగాయలు అన్నీ పది నిమిషాల్లో గుమ్మం ముందుకు వస్తాయని తెలుసు. ఒక్క షాపాయన ముఖం కూడా తెలియదు. ఖాతా అంటే బ్యాంకుదే అనుకుంటుంది. అప్పట్లో కిరాణం షాపుల్లో కూడా ఖాతా ఉండేదని విన్నాను. నిజంగా డబ్బులు లేకుండా సరుకులు ఇచ్చేవాళ్లా? ఎలా నమ్మేవాళ్లు?

కిరాణం_బిడ్డ

అమ్మా, మీ ప్రశ్నకు నేను చెప్తాను. పాతకాపు గారి మొదటి మడిగె మా నాన్నది. ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఇక రాయాలనిపించింది.

నాన్న 1979లో నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఆ మడిగె అద్దెకు తీసుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు పాలప్యాకెట్ల కోసం లేచేవారు, రాత్రి పది దాటాక షట్టర్ దించేవారు. వారానికోసారి బేగంబజార్, సికింద్రాబాద్ మహంకాళి స్ట్రీట్ వెళ్లి సరుకు కొని ఆటోట్రాలీలో వేసుకొచ్చేవారు. పైకప్పు నుంచి దారం ఉండ వేలాడేది. పాత పేపర్లో పొట్లం కట్టి, ఆ దారం రెండు చుట్లు చుట్టి, ముడి వేయకుండానే పుటుక్కున తెంపేవారు. మేం ఎంత ప్రయత్నించినా మాకు రాలేదు. తూనికలు, కొలతల శాఖవాళ్లు వచ్చి రాళ్లకు ముద్ర వేసి వెళ్లేవాళ్లు. ఆ ముద్ర లేని రాయి షాపులో కనిపిస్తే అమ్మనైనా కోప్పడేవారు.

ఇక ఖాతా. ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, రైల్వే వాళ్లకు నెల మొదటివారంలో జీతాలు. ప్రతి ఇంటికీ ఒక పొడుగు చిట్టీల పుస్తకం ఉండేది, అలాంటిదే మా దగ్గర ఇంకోటి. రెండిట్లోనూ ఒకేసారి రాయాలి. జీతం రాగానే వచ్చి కట్టేవాళ్లు, వెంటనే కొత్త నెల లిస్టు ఇచ్చేవాళ్లు. నమ్మకం ఒక్కటే కాదమ్మా, లెక్క కూడా ఉంది. నెల సరుకుల లిస్టులో కందిపప్పు, నూనె, సబ్బులు కలిపి ఒకేసారి పెద్ద మొత్తం పోయేది. మాకు మిగిలేది దాని మీదే. మధ్యలో వచ్చే కరివేపాకు, అగ్గిపెట్టె, పావు కిలో చక్కెర మీద ఏమీ మిగలదు, అది ఆ ఇంటితో సంబంధం నిలబెట్టుకోవడానికి.

2006 నుంచి హైదరాబాద్‌లో కార్పొరేట్ కంపెనీల కిరాణా షోరూములు బాగా పెరిగాయి, కొద్ది రోజులకే మా వైపూ వచ్చాయి. మమ్మల్ని ఎవరూ ఒక్కరోజులో వదిలేయలేదు. ముందు నెల లిస్టు అటు పోయింది. నగదు అక్కడ కట్టేవాళ్లు. నెలాఖరుకు చేతిలో లేనప్పుడు పాలు, గుడ్లు, బ్రెడ్ మా దగ్గర ఖాతాలో రాయించుకునేవాళ్లు. లాభం వచ్చే సరుకు అక్కడికి, అప్పు మాత్రం మాకు. షాపు మూతపడటానికి అసలు కారణం ఇదీ. జనం చెడ్డవాళ్లయ్యారని కాదు.

తర్వాత మడిగె అద్దె పెంచారు, అడ్వాన్స్ పెంచారు. 2012లో నాన్న మూసేశారు. వసూలు కాని ఖాతాలు ఎన్నో ఉన్నాయి. ఆ పుస్తకాలు అమ్మ పాత సామాన్లవాడికి వేయబోతే నాన్న వేయనివ్వలేదు. అందులో ఉన్నవాళ్లు చాలామంది ఈ థ్రెడ్ చదివే వయసువాళ్లే. వసూలు చేయడానికి ఈ మాట చెప్పడం లేదు.

మీరందరూ "పాపం, షాపు పోయింది" అనుకుంటారేమో. నాన్న ఇప్పుడు ఆరింటి దాకా పడుకుంటారు. పండగ రోజు ఇంట్లో కూర్చుని భోంచేస్తారు. ఆ షాపు ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఒక్క పండగ కూడా మధ్యాహ్నం మూడుకు ముందు మొదలవలేదు. మీకు ఇష్టమైన ఆ షాపును మా నాన్న తన మోకాళ్ల మీద నడిపారు. ఈ సంగతి కూడా మీ మ్యాప్‌లో ఎక్కడైనా పడితే బాగుండు.

పాతకాపు_హెచ్‌బీకాలనీ

అక్కా, మీరు రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మ్యాప్ వెనక వైపు ఒక్కో షాపు గురించి రాయాలని ఇప్పుడే అనుకున్నాను. మీ మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టవచ్చా?

మేస్త్రి_కొడుకు_మల్లాపూర్

కిరాణం బిడ్డ అక్క రాసింది రెండుసార్లు చదివిన. నేను ఇంకో వైపు నుంచి చెప్పాలి.

మాది పాలమూరు. అమ్మానాన్నలు మీ ఇళ్లు కట్టిన కూలీలు. 1980ల చివర్లో ఏ ఇల్లు కడుతుంటే ఆ ఇంటి ముందు ఇసుక కుప్ప పక్కన మా గుడిసె. ఇల్లు పూర్తి కాగానే గుడిసె ఇంకో చోటికి. మాకు ఖాతా ఇచ్చేటోళ్లు కాదు. ఇంటి నంబర్ లేదు, రేపు ఎక్కడుంటామో తెలియదు. కాబట్టి ఏ రోజు కూలి ఆ రోజు సరుకు. చిన్న కవర్లో నూనె, కాగితం పొట్లంలో కారం, ఒక పూటకు పప్పు. నెలకోసారి కొనేటోళ్ల కంటే మాకు అదే సరుకు ఎక్కువ ధర పడేది. బీదోళ్లే ఎక్కువ కట్టేటోళ్లు.

కోపంతో రాయడం లేదు. మల్లాపూర్ దగ్గర ఒక షాపామె మేస్త్రి పూచీ మీద మాకు ఇచ్చేది, ఆమె వల్లనే నేను బడికి పలక కొనుక్కున్న. తర్వాత నాన్న మేస్త్రి అయ్యిండు, మాకూ ఇంటి నంబర్ వచ్చింది. ఇప్పుడు నేనే చిన్న బిల్డర్‌ని. మీరు ఇక్కడ చెప్పుకుంటున్న మడిగెల్లాంటివి నేనూ పడగొట్టిన, వాటి గోడలు కొన్ని మా అమ్మ మోసిన ఇటుకలతో లేచినవే.

మీ మ్యాప్‌లో గుడిసెలు కూడా పెడతారా అన్నా? కాప్రా చెరువు వైపు ఖాళీ ప్లాట్లలో ఒకటి, ఏఎస్ రావు నగర్ మెయిన్ రోడ్డు వెనక ఒకటి, నాకు తెలిసినంత వరకు చెప్తా.

కిరాణం_బిడ్డ

తమ్ముడూ, మీరు చెప్పింది నిజం. నాన్న ఖాతా తెరిచే ముందు అడిగేది క్వార్టర్ నంబరో, ఇంటి నంబరో. అది లేనివాళ్లకు నగదే. ఆయన్ని ఈ రోజు పొద్దున అడిగాను. "నేనే అద్దెకుండేవాణ్ణి, ఒక్కరు ఎగ్గొట్టినా ఆ వారం బేగంబజార్ పోవడానికి డబ్బులుండేవి కావు" అన్నారు. కాసేపాగి, "ఇసుక కుప్పల దగ్గర పిల్లలు ఉండేవాళ్లు, అవును" అన్నారు. ఇంకేమీ అనలేదు.

పాతకాపు గారూ, నా మాటలు పెట్టండి. ఈ తమ్ముడి మాటలు పక్కనే ఉంటేనే పెట్టండి.

పాతకాపు_హెచ్‌బీకాలనీ

తప్పకుండా పెడతాను అక్కా. మేస్త్రి కొడుకు అన్నా, గుడిసెల చోట్లు చెప్పండి. వాటికి వేరే రంగు పెన్సిల్ వాడతాను. షాపులకు పెట్టినట్టే సంవత్సరాలు కూడా రాద్దాం.

పీపీ_నంబర్

ఎస్‌టీడీ బూత్ గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి! ఈసీఐఎల్ చౌరస్తా నుంచి లోపలికి వచ్చే రోడ్డులో పసుపు రంగు బోర్డు, అద్దాల గది, లోపల ఎర్ర అంకెల మీటర్. నడిపినాయన దివ్యాంగుడు, ఆయనకు కేటాయించిన బూత్ అది. ఫోన్ కనెక్షన్‌కు అప్లై చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలం కాబట్టి మా విజిటింగ్ కార్డుల మీద, పెళ్లి శుభలేఖల మీద ఆయన నంబరే "పీపీ" అని వేసుకునేవాళ్లం. ఫోన్ వస్తే ఆయన కొడుకు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. మనం పరుగెత్తేలోపు లైన్ కట్ అయితే అవతలివాళ్లు మళ్లీ చేసేదాకా ఆ బల్ల మీద కూర్చోవాలి.

రాత్రి పదకొండు దాటితే చార్జీ బాగా తగ్గేది. ఆ టైమ్‌కు క్యూ కట్టేవాళ్లు. గల్ఫ్‌లో భర్త ఉన్నవాళ్లు, అమెరికాలో కొడుకు ఉన్నవాళ్లు, ఊళ్లో అమ్మకు బాలేనివాళ్లు. లోపల మాట్లాడేది బయటికి వినిపించేది, అయినా అందరం విననట్టే ఉండేవాళ్లం. మా నాన్నమ్మ పోయిన కబురు నాకు ఆ గదిలోనే తెలిసింది. క్యూలో ఉన్న ఒక పెద్దావిడ, ఎవరో కూడా తెలియదు, నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. బూత్ ఆయన ఆ రోజు డబ్బులు తీసుకోలేదు.

2003లో మొబైల్‌కు ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక బూత్ ఖాళీ అయింది. కొన్నాళ్లు జెరాక్స్ పెట్టాడు, రీచార్జ్ కూపన్లు అమ్మాడు. తర్వాత ఏమయ్యాడో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నిజంగా తెలుసుకోవాలని ఉంది.

రిటైర్డ్_టెక్నీషియన్

ఆ బూత్ ఆయన ఇప్పుడు చర్లపల్లి దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యాక ఆ కొడుకు అటువైపు టిఫిన్ సెంటర్ పెట్టాడు. మిమ్మల్ని పిలవడానికి పరుగెత్తుకొచ్చిన అబ్బాయే.

మీరందరూ సంవత్సరాలు సరిగ్గా వేస్తున్నారు గానీ ఒకటి కలపండి. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడి కాప్రా మున్సిపాలిటీ అందులో కలిసింది. నా లెక్కలో మన వీధుల ముఖం మారింది అక్కడి నుంచే. స్థలాల ధరలు పెరిగాయి, మెయిన్ రోడ్ల మీద ఇంపాక్ట్ ఫీజు కట్టి ఇళ్లను కమర్షియల్ చేసుకున్నారు. రోడ్డు మీద షోరూములు, లోపలి వీధుల్లో అపార్ట్‌మెంట్లు. మధ్యలో చిన్న మడిగెకు చోటు లేకుండా పోయింది. రాధిక థియేటర్ కూడా మల్టీప్లెక్స్ అయింది. అలాగని అంతా పోయిందని నేను అనను. మంచినీళ్ల ట్యాంకర్ వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తిన ఇల్లాళ్లను అడగండి, ఆ రోజులు మళ్లీ కావాలంటారేమో.

నీలం_కిరోసిన్

సర్ చెప్పిన ట్యాంకర్ల మాట అక్షరాలా నిజం. నేనైతే ఆ రోజులు మళ్లీ కావాలని అడగను.

కొత్తగా వచ్చామన్న అమ్మాయికి ఒక మాట. మీ పాపను ఆదివారం పొద్దున కుషాయిగూడ రైతుబజార్‌కు తీసుకెళ్లండి. రైతుబజార్లు 1999లో మొదలైనప్పటి నుంచి నా కూరగాయలన్నీ అలాంటి చోటే. ప్రతి వారం ఒకే ఆమె దగ్గర ఆకుకూర కొనండి. నాలుగో వారానికి ఆవిడే మీ పాపను పలకరిస్తుంది. వేరే ఉపాయమేమీ అక్కర్లేదు.

కొత్తగా_వచ్చాం

ఈ వారమే వెళ్తాం అక్కా. గిర్నీ సందు గారూ, కుషాయిగూడ వైపు మీ అన్నయ్య గిర్నీ ఆదివారం తెరిచి ఉంటుందా? మా అత్తగారు జొన్నపిండి కోసం ఎప్పటినుంచో అడుగుతున్నారు.

గిర్నీ_సందు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటుంది. జొన్నలు శుభ్రం చేసి ఎండబెట్టి తీసుకెళ్లమనండి, తడి ఉంటే పట్టడు. కొంచెం ఆగాల్సి వస్తుంది, జొన్నలు చివర్లోనే వేస్తాడు.

పాతకాపు_హెచ్‌బీకాలనీ

ఇప్పటిదాకా మ్యాప్‌లో ఉన్నవి: మా వీధి ఐదు మడిగెలు పూర్తయ్యాయి, లైబ్రరీ, రేషన్ షాపు, ఎస్‌టీడీ బూత్, రెండు చోట్ల గుడిసెలు. మౌలాలి గుట్ట కమాన్ దగ్గర షాపులు, ఉర్సు రోజుల్లో పెట్టే బండ్లు, ఏఎస్ రావు నగర్‌లో వీసీఆర్ అద్దెకిచ్చే షాపు, ఫొటో స్టూడియో ఎవరూ చెప్పలేదు. కుషాయిగూడ వైపు సగం ఖాళీగా ఉంది.

వచ్చే నెల రెండు రోజులు హైదరాబాద్‌లో ఉంటాను. వీలైనవాళ్లు ఒకచోట కూర్చుంటే పెన్సిల్‌తో నేరుగా దిద్దుకోవచ్చు.

కిరాణం_బిడ్డ

నాన్నను తీసుకొస్తాను. ఫోన్‌లో చిన్న అక్షరాలు ఆయనకు కనిపించవు, మ్యాప్ పెద్ద సైజులో ప్రింట్ తీయించండి. మెట్లు లేని చోటు చూడండి, పదకొండు తర్వాత పెట్టండి. మేస్త్రి కొడుకు తమ్ముడూ, మీరు కూడా వస్తారు కదా? నాన్న మిమ్మల్ని చూడాలని అడిగారు.

మేస్త్రి_కొడుకు_మల్లాపూర్

వస్తా అక్కా. అమ్మను కూడా తీసుకొస్తా. ఏ ఇల్లు ముందు కట్టారు, ఏది తర్వాత కట్టారు అన్నది మ్యాప్ చూసి ఆమే చెప్పగలదు. మా సైట్ ఆఫీసు గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంది, పెద్ద టేబుల్ ఉంది. అక్కడే కూర్చుందాం.